చుక్క తర్వాతి అంకెను చూసి మోసపోకండి

విద్యార్థులారా! ఇంటి ఈతకొలనులో అమర్చిన సెన్సారు నీటి ఉష్ణోగ్రత 28.4 సెల్సియస్ డిగ్రీలంటోంది. పక్కనే ముంచిన థర్మామీటరు 29 అంటోంది. దేన్ని నమ్మాలి? చుక్క తర్వాత అంకె చూపేదాన్నే నమ్ముతామంటారు చాలామంది. అది పొరపాటని నా అభిప్రాయం.

ఇటువంటి పనులకు విరివిగా వాడే డి.ఎస్.18బి20 అనే సెన్సారునే తీసుకోండి. అది 0.0625 డిగ్రీ తేడాను కూడా చూపగలదు. కాని తయారీదారులు హామీ ఇచ్చేది అర డిగ్రీ అటూ ఇటూగా మాత్రమే! అంటే అది 28.4 అన్న నీరు 27.9 నుంచి 28.9 దాకా ఎంతైనా ఉండవచ్చు. సన్నని గీతలున్నంత మాత్రాన స్కేలు సరైనది కాదు గదా!

కనుక సెన్సారును సరిచూసే థర్మామీటరును ముందుగా మనమే పరీక్షించాలి. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేటట్లు కొంచెం మంచినీరు పోసి కలపండి. కొద్ది నిమిషాలాగి థర్మామీటరు ముంచితే 0 డిగ్రీలు చూపాలి. మరిగే నీటితో జాగ్రత్త. ఎత్తయిన ఊళ్లలో నీరు 100 డిగ్రీలకు ముందే మరుగుతుంది.

అయితే సున్నా దగ్గర నిజం చెప్పినది 28 దగ్గర తప్పు చెప్పవచ్చు. అందువల్ల కొనేటప్పుడు అంకెల సంఖ్య చూడకండి. మనం కొలవబోయే ఉష్ణోగ్రత దగ్గర ప్రామాణిక థర్మామీటరుతో సరిచూసినట్లు ధ్రువపత్రం ఉన్నదేమో చూడండి.

ఈలోగా మీ బడిలోని థర్మామీటర్లన్నిటినీ ఒకే ఐసు గ్లాసులో ముంచి చూడండి. ఎన్ని ఒకే మాట చెబుతాయో మీకే తెలుస్తుంది!