వరదకు కదిలినట్టే కార్చిచ్చుకూ కదలాలి

2025 ఆగస్టు ఆఖరి వారంలో కామారెడ్డిని వరద ముంచెత్తినప్పుడు లోతట్టు కాలనీల జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు. నీటి ముప్పు వస్తే ఎవరిని ఎక్కడికి చేర్చాలో జిల్లా యంత్రాంగానికి ఎంతోకొంత అనుభవం ఉంది. ఎండాకాలంలో పోచారం అభయారణ్యం అంచున, ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి, మాచారెడ్డి అడవుల పక్కన ఉండే తండాల విషయంలో ఆ ప్రశ్నే మనం వేసుకోవడం లేదు.

కార్చిచ్చు అనగానే కాలిఫోర్నియా గుర్తొస్తుంది. మన అడవి వేరు. టేకు, తునికి, మోదుగ ఆకు రాలి నేలంతా పరుచుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మంట ఆ ఎండుటాకు మీదే పాకుతుంది, చెట్ల కొసలకు ఎక్కడం అరుదు. అందుకే దాన్ని అటవీ శాఖ వ్యవహారంగా వదిలేస్తున్నాం. కానీ మధ్యాహ్నం వడగాలి ఎత్తుకున్నా, మంట గుట్ట ఎగువకు మళ్లినా దాని వేగాన్ని అందుకోవడం కష్టం. అడవికీ పశువుల కొట్టానికీ నడుమ ఉండేది ఎండుగడ్డి, యాసంగి కోతల తర్వాత మిగిలిన వరికొయ్యలు. ఆ కొయ్యలకు నిప్పు పెట్టే అలవాటూ సరిగ్గా అప్పుడే. చేను నుంచి అడవికైనా, అడవి నుంచి చేనుకైనా మంటకు దారి తెరిచే ఉంటుంది.

తునికాకు కొత్త చిగురు కోసం, ఇప్పపువ్వు ఏరుకునే వీలు కోసం నిప్పు పెడుతున్నారన్నది నిజమే. 1967 నాటి అటవీ చట్టం కింద రిజర్వు అడవిలో అది నేరం. కేసులు పెట్టండి. కానీ కేసు పెట్టినంత మాత్రాన పక్క తండా క్షేమంగా ఉండదు.

2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చుకు 173 మంది బలయ్యారు. ఎక్కువమంది ఇళ్లలోనే చనిపోయారు. ముప్పు తీవ్రంగా ఉన్న రోజున మంట కనిపించేదాకా ఆగకుండా ముందే బయల్దేరండని అక్కడి ప్రభుత్వం ఆ తర్వాతే గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.

మన దగ్గర ఆ మాట ఎవరికి చెప్పినా ముందు అడిగేది బర్ల సంగతే. గొర్లను, మేకలను కట్టుకొయ్యల దగ్గర వదిలేసి ఏ కుటుంబమూ కదలదు. దాన్ని మొండితనం అనకూడదు, వాళ్ల బతుకుదెరువే అది. కాబట్టి తరలింపు ప్రణాళిక పశువుల నుంచే మొదలవ్వాలి. ఎండాకాలంలో నీళ్లు తగ్గి బయటపడే చెరువు శిఖం, గడ్డి లేకుండా దున్ని ఉంచిన చేను వంటి చోట్లు మందను తోలుకుపోవడానికి పనికొస్తాయి. ఆ చోటు ఏదో, దారి ఏదో ముందే ఊరంతటికీ తెలిసి ఉండాలి. గడ్డివాములు ఇళ్లకు దూరంగా వేసుకోవాలి. నడవలేని ముసలివాళ్లు, బాలింతలు ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్తకు తెలుసు. వాళ్లను ఎవరి ట్రాక్టర్‌లో ఎక్కించాలో పంచాయతీ తేల్చాలి.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సాయంతో మంటల హెచ్చరికలు పంపుతోంది. వాటి కోసం ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. అడవి అంచు పంచాయతీ కార్యదర్శులందరి ఫోన్లకూ అవి చేరాలి. అయితే ఉపగ్రహం రోజంతా మన నెత్తి మీదే ఉండదు. అది మళ్లీ వచ్చేలోపు రాజుకున్న మంటను ముందు చూసేది పశువుల కాపరే. అతను ఫోన్ చేస్తే నిప్పు పెట్టింది నువ్వేనా అని అడగకూడదు. ఆ భయం ఉన్నంతకాలం మొదటి కబురు ఆలస్యంగానే వస్తుంది.

జనవరిలో, మంట దాటకుండా అడవిలో తీసే ఫైర్ లైన్ల ఆకు ఊడ్చే రోజుల్లోనే ప్రతి అంచు తండాలో అటవీ, రెవెన్యూ, అగ్నిమాపక సిబ్బంది కలిసి ఒకసారి తరలింపు కసరత్తు చేయించాలి, పశువులతో సహా.