యంత్రము మారినప్పుడు లిపి యేమగును?

గ్రంథము వ్రాయుట యొక యెత్తు. వ్రాసిన గ్రంథము నిలుచుట మరియొక యెత్తు. తాళపత్రములు శిథిలమగుట సహజము గనుక మన వ్రాయసకాండ్రు కాలానుగుణముగ ప్రతులెత్తుచు వచ్చిరి. ఎత్తినవానికి ఛందస్సు తెలిసినచో పాఠము నిలిచినది. తెలియనిచో గణములు చెడినవి, యతులు తప్పినవి. 19వ శతాబ్ది పూర్వార్ధమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను నియమించి ప్రతులు వ్రాయించుటతో తృప్తిపడక, వానిని సరిచూపించుటకును పూనుకొనుట ఈ కారణముననే. నేడు ప్రతి యెత్తు పని కంప్యూటరు చేయుచున్నది. ఆ యంత్రమును లోపలనుండి నడిపించు ఆపరేటింగ్ సిస్టమ్ మారిన ప్రతి పర్యాయమును, అందున్న తెలుగు పాఠమునకు ఒక క్రొత్త ప్రతి యెత్తబడుచున్నదనియే భావింపవలెను. ఆ యెత్తునట్టివాడు తెలుగు చదువనేర్చినవాడా కాడా యనునదే నేడు ఆంధ్రదేశమునకు వెలుపలనున్న తెలుగు శాఖలు విచారింపదగిన ప్రశ్న.

విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచుండిన సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. అంతకు పూర్వము విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిలు 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఇట్లే గడువు తీరినది. అనగా ఐదారేండ్లకొకసారి, ఒక పరిశోధకుడు సిద్ధాంతగ్రంథమునకు పూనుకొని ముగించునంతలో, అతని పని నిలిచియున్న నేల కదలుచున్నదన్నమాట. పైగా 2021 అక్టోబరులో వెలువడిన విండోస్ 11, టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా సాధనము లేని యంత్రమును అర్హమైనదిగా అంగీకరింపదు. కావున చక్కగ పనిచేయుచున్న కంప్యూటర్లు సయితము అనర్హములై, వానితోకూడ వానిలోని ఫాంట్లు, ఫైళ్ళు, కీబోర్డు అమరికలు తొలగింపబడు స్థితి యేర్పడినది.

ఈ మార్పు ఆంగ్లమున వ్రాయువానికి అంతగా తెలియదు. తెలుగున వ్రాయువానికి తెలియును. యూనికోడు వాడుకలోనికి రాకమునుపు తెలుగు ముద్రణ యంతయు అను ఫాంట్లవంటి ప్రత్యేక ఫాంట్లమీదను, పేజ్‌మేకరు వంటి సాధనములమీదను నడచినది. ఆ పద్ధతిలో తెరపై కకారము కానవచ్చినను, యంత్రము దాచుకొనునది ఒక ఆంగ్లాక్షరమునో విరామచిహ్నమునో మాత్రమే. తలకట్టు ఒక సంకేతము, వత్తు మరియొక సంకేతము. ఫాంటు ఉన్నంతవరకది తెలుగు. ఫాంటు తొలగిన మరుక్షణము అర్థములేని గుర్తుల కుప్ప. పేజ్‌మేకరు తుది రూపము 2001లో వెలువడినది. అడోబి సంస్థ 2004లో దాని అభివృద్ధిని నిలిపివేసినది. టైప్ 1 తరగతి ఫాంట్లకు ఆ సంస్థయే 2023 జనవరిలో తన సాధనములందు స్వస్తి చెప్పినది. విండోస్ 11 కేవలము 64 బిట్ల వ్యవస్థ యగుటచే, వెనుకటి 16 బిట్ల కాలపు కార్యక్రమములు దానిలో నడువనే నడువవు.

దీని ఫలితము స్పష్టము. ఇరువది, ముప్పది యేండ్లనాడు కూర్చబడిన ఎన్నో సిద్ధాంతగ్రంథముల ఫైళ్ళు నేడు తెరచుకొన్నను చదువుటకు రావు. 2009 నాటి యు.జి.సి. నిబంధనలు సిద్ధాంతగ్రంథముల ఎలెక్ట్రానిక్ ప్రతిని కోరినవి; అట్టివి శోధగంగలో పి.డి.ఎఫ్. రూపమున చేరుచున్నవి. పాత ఫాంటుతో కూర్చినవి అందు కంటికి కనబడునుగాని వెదకుటకు లొంగవు. అట్టి పత్రమున నన్నయ యని వెదకినచో, పుటపుటను నన్నయ యున్నను, ఒక్కడును దొరకడు. పదసూచికలకును, నిఘంటు నిర్మాణమునకును, తులనాత్మక పరిశోధనకును అట్టి పత్రము మూసిన పుస్తకము వంటిది.

ఇంతమాత్రమున పాత యంత్రమునే పట్టుకొని వ్రేలాడుట మేలని తలపరాదు. సవరణలు నిలిచిపోయిన యంత్రమును అంతర్జాలమునకు కలిపియుంచుట తలుపులేని ఇంట ధనము దాచుట వంటిది. 2017 మే నెలలో వాన్నాక్రై యను దుష్టకార్యక్రమము దేశదేశముల కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళములు వేసి ధనము కోరినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడినవి. దానికి విరుగుడైన సవరణను మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలలు ముందే విడుదల చేసియుండెను. దానిని చేర్చుకొనని యంత్రములే ఎక్కువగ చిక్కుకొన్నవి.

క్రొత్త వ్యవస్థను కోరుటకు భాషాపరమైన కారణమును కలదు. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, అక్షరముల చేర్పు అంతటితో ముగియలేదు. నిఘంటువులలో దంత్యములను సూచించు ౘ, ౙలు 2008లో చేరినవి. ప్రాచీన శాసనములలో కానవచ్చు ఴకారము 2014లో, ౚకారము 2015లో, నకారపొల్లు 2021లో ప్రవేశించినవి. అంతకు మునుపటి ఫాంట్లలో ఇవి డొల్ల చతురస్రములుగ మాత్రమే కనిపించును. శాసనపాఠమును యథాతథముగ అచ్చొత్తింపగోరు పండితుడు క్రొత్త ఫాంటును, దానిని సరిగా కూర్చు క్రొత్త వ్యవస్థను కోరక తప్పదు.

అయితే క్రొత్తదనమే నిర్దోషత కాదు. 2018 ఫిబ్రవరిలో యాపిల్ ఫోనులలోను, మాక్ కంప్యూటర్లలోను తెలుగు 'జ్ఞా' ఒక ప్రత్యేకమైన కూర్పులో, అనగా జ్ఞకును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని విభాజక చిహ్నముతో, ప్రత్యక్షమైనప్పుడు కార్యక్రమములు కుప్పగూలినవి. ఆ నెల 19న సవరణ వెలువడువరకు ఆ చిక్కు తీరలేదు. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమును మూర్ఛిల్లజేసినదని నాడు పలువురు నవ్వుకొనియుందురు. అందు నవ్వుకొనుటకన్న నేర్చుకొనవలసినదే యెక్కువ. విడుదలకు ముందు జరిగిన పరీక్షలలో ఆ కూర్పు నెవ్వరును పట్టుకొనలేదు.

విశ్వవిద్యాలయములలో ఈ లోపమే మరియొక రూపమున కనిపించును. పరరాష్ట్రమున నున్న తెలుగు శాఖకు కంప్యూటర్లు మార్చువారు తమ విద్యలో నిపుణులే. తెలుగు వారికి రాదు. యంత్రము వెలిగినది, ముద్రణయంత్రము పలికినది, అంతర్జాలము కలిసినది అనగా వారి పరీక్ష ముగిసినది. వత్తు ప్రక్కకు జరిగినను, అరసున్న మాయమైనను వారికెట్లు తెలియును? ఇంటివద్ద స్థితి వేరు. అచట అధ్యాపకుడు తన యిష్టానుసారము యంత్రమును మార్చుకొనును. విండోస్‌లో 2019లో చేర్చబడిన ఉచ్చారణానుసారి కీబోర్డుకు అలవాటుపడును. శాఖలో మరియొక అమరిక. ఒకే వ్యాసము పగలు ఒక వ్యవస్థలోను, రాత్రి మరియొక వ్యవస్థలోను తిరుగుచుండగా, ఫాంటు మారి పంక్తులు జరుగును, పుటలు జరుగును, చేతితో కూర్చిన విషయసూచికలోని పుటసంఖ్యలు తప్పును.

కావున యంత్రము మార్చుటకు ముందు తెలుగు శాఖలు చేయదగినవి కొన్ని కలవు. మొదటిది, పాత ఫాంట్లలోనున్న పాఠములనన్నిటిని యూనికోడునకు మార్చి, తెలుగు తెలిసినవారిచే అచ్చుప్రతితో సరిచూపించుట. మార్పు సాధనములు సామాన్య పదములయందు కాక అరుదైన సంయుక్తాక్షరములయందే తడబడును. పరిశోధకునకు కావలసినవియు అవియే. మార్చిన పిదపను మూలఫైలును పారవేయరాదు. రెండవది, పాత యంత్రమునొకదానిని అంతర్జాలమునుండి విడదీసి, పాత ఫైళ్ళు చదువుటకై భద్రపరచుట. మూడవది, ఱ, ఴ, ౘ, ౙ, ఁ, ౠ, క్ష్మ, ర్ఘ్య, స్త్ర్య, జ్ఞా మున్నగువానితో ఒక పరీక్షాపత్రము సిద్ధపరచి, అది తెరమీదను కాగితముమీదను సరిగా వచ్చిన తరువాతనే క్రొత్త యంత్రమును స్వీకరించుట. నాల్గవది, సిద్ధాంతగ్రంథము సమర్పించువారినుండి పి.డి.ఎఫ్.తోపాటు సాదా యూనికోడు పాఠమును కూడ గ్రహించుట. విండోస్ 11కు చాలని యంత్రములను వెంటనే పారవేయనక్కరలేదు. సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ వంటి లినక్సు వ్యవస్థలలో పెక్కు తెలుగు పనులు నెరవేరును.

ఇవి సాంకేతికుల పనులని ఆచార్యులు తప్పుకొనుట భావ్యము కాదు. తాళపత్రమునుండి కాగితమునకు, కాగితమునుండి అచ్చునకు పాఠము మారినప్పుడు పరిష్కర్త ప్రక్కన నుండెను. యంత్రమునుండి యంత్రమునకు మారునప్పుడును అతడుండుట అవసరము. యంత్రమును కొనుట కార్యాలయము పని. అందలి పాఠమును సరిచూచుట తెలుగు శాఖ పని. తదుపరి గడువు తేదీ ప్రకటింపబడకమునుపే శాఖలు తమ ఫైళ్ళ పట్టికను సిద్ధము చేసికొనుట మంచిది.