పాత కంప్యూటరులోని అమానతులు



కృష్ణకు వరద వస్తున్నదన్న వార్త వినగానే మా కొల్లిపర ప్రాంతపు లంక గ్రామాలలోని గృహిణులు మొదట వెతికేది ఇంటి కాగితాల సంచిని. పట్టా పుస్తకం, రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయో లేవో చూసుకొన్న తరువాతనే తక్కిన సామాను సర్దుతారు. మొన్న మా మదరసాకు కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు ఆపాటి జాగ్రత్త మేము చూపలేకపోయాము. ఆ పొరపాటు మీ ఇంట జరుగకూడదని ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాను.

మా పెద్ద విద్యార్థి ఒకడు పాత యంత్రపు తెర మీద కనిపించిన గుర్తులన్నిటినీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి కొత్తదానిలో దించాడు. పని పూర్తయిందనుకొని పాత యంత్రాన్ని పాత సామాన్ల వ్యాపారికి ఇచ్చివేయడానికి గుమ్మం దగ్గర పెట్టాము. మరునాడు ఒక తల్లి వచ్చింది. ఆమె కుమారుడు మా వద్ద హిఫ్జ్ ముగించి వేరే ఊరి పెద్ద మదరసాలో చేరబోతున్నాడు. చేరిన తేదీ, పరీక్షల వివరాలతో ధ్రువపత్రం కావాలి. ప్రవేశానికి నాలుగు రోజులే గడువు.

రిజిస్టరు గుర్తును నొక్కితే ఫైలు కనబడుటలేదన్న సమాధానం వచ్చింది. మేము తెచ్చుకొన్నది ఫైలును కాదు, ఫైలుకు దారి చూపే షార్ట్‌కట్‌ను మాత్రమే. ఇంటిని తీసుకురమ్మంటే ఇంటి చిరునామా చీటీని తెచ్చినట్లయింది! గుమ్మం దగ్గరి యంత్రాన్ని మళ్ళీ లోపలికి తెచ్చి, డి డ్రైవులో ఉన్న అసలు ఫైలును కాపీ చేశాము. అది కొత్త యంత్రంలో తెరుచుకొన్నది గాని, తెలుగు పేర్లకు బదులు ఆంగ్ల అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా కనిపించాయి.

“హజ్రత్, మావాడి పేరు పోయిందా?” అని ఆ తల్లి అడిగినప్పుడు నా వద్ద జవాబు లేదు.

ఆ సాయంత్రమే తెనాలిలో డీటీపీ పనిచేసే ఒక మిత్రుని వద్దకు వెళ్ళాను. అతడు చూసి నవ్వి, “మౌల్వీ గారూ, అక్షరాలు ఎక్కడికీ పోలేదండీ. ఇది అను ఫాంటులో కొట్టిన ఫైలు. మీ కొత్త కంప్యూటరులో ఆ ఫాంటు లేదు, అంతే” అన్నాడు.

సంగతి ఇది. అటువంటి పాత ఫాంటులలో కొట్టిన ఫైలులో నిలిచేవి ఆంగ్ల అక్షరాలకు, చిహ్నాలకు కేటాయించిన సంకేతాలే. ఆ సంకేతాలకు తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఫాంటు లేనిచోట సంకేతం తన అసలు రూపంలో బయటపడుతుంది. యూనికోడ్ పద్ధతి దీనికి భిన్నమైనది. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు అక్షరాలకు వేరుగా సంఖ్యలు ఏర్పడ్డాయి. కనుక ఆ పద్ధతిలో వ్రాసినది ఈనాటి ఏ కంప్యూటరులోనైనా, ఫోనులోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. ఉర్దూ వ్రాతకు మనం వాడే ఇన్‌పేజ్ 1994 నుండి ఉన్నది. దాని పాత ఫైళ్ళకూ ఇటువంటి చిక్కే ఉన్నది.

విండోస్ 10కు సాధారణ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున ఎన్నో ఇళ్ళలో కొత్త యంత్రాలు కొంటున్నారు. కొనేవారు ఈ క్రమాన్ని పాటించండి.

మొదట, ఏది ఎక్కడ ఉన్నదో కాగితం మీద వ్రాసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, డి డ్రైవు అన్నీ చూడండి. తరువాత ఫైళ్ళను ‘కట్’ చేయకుండా ‘కాపీ’ మాత్రమే చేయండి. మధ్యలో కరెంటు పోయినా అసలుది నిలుస్తుంది. ఒక ప్రతి కొత్త యంత్రంలో, మరొకటి విడి హార్డ్‌డిస్కులో ఉంచండి.

ప్రోగ్రాములు ఫైళ్ళవలె కాపీ కావు; వాటిని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి. అందుకు కావలసిన సీడీలు, కీ నంబర్లు ముందే వెతికి పెట్టుకోండి. బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు, బుక్‌మార్కులు మరువకండి. కొత్తదానిలో తెలుగు, ఉర్దూ కీబోర్డులను సెట్టింగులలో చేర్చుకోండి. ఆపిల్ కీబోర్డుకు అలవాటుపడిన వేళ్ళు ఇన్‌స్క్రిప్టు మీద కొన్నాళ్ళు తడబడతాయి, ఓపిక పట్టండి.

పాత ఫాంటు ఫైళ్ళను, ఆ ఫాంటు ఉన్న యంత్రంలోనే తెరిచి పీడీఎఫ్‌గా ఒక ప్రతి తీయండి. తరువాత యూనికోడ్‌కు మార్చండి. మార్పిడిలో ఒత్తులు, గుణింతాలు తారుమారు కావచ్చు గనుక పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకొని ప్రతి పేరును సరిచూడండి. ఫైళ్ళ సంఖ్య, పరిమాణం రెండు యంత్రాలలోనూ సమానమో కాదో చూసి, కొన్నిటిని తెరిచి చదవండి. కనీసం ఒక నెల గడిచేవరకు పాత యంత్రాన్ని కదపకండి.

ఇచ్చివేసేనాడు ఇంకొక బాధ్యత మిగిలి ఉంటుంది. మా పాత యంత్రంలో పిల్లల ఆధార్ ప్రతులు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, దాతల వివరాలు ఉన్నాయి. అవి మా సొత్తు కావు, మా వద్ద ఉంచిన అమానతులు. ఫైలును చెత్తబుట్టలో వేసినంతమాత్రాన అది చెరిగిపోదు. తెలిసినవాడు తిరిగి పైకి తీయగలడు. విండోస్‌లో ‘రీసెట్’ చేసేటప్పుడు అన్నిటినీ తొలగించి, డ్రైవును శుభ్రపరచే ఎంపికను కోరండి. లేదా హార్డ్‌డిస్కును విప్పి మీ వద్దనే ఉంచుకోండి.

ఆ బాలుని వివరాలను పాత యంత్రం నుండే ముద్రించి మూడవ రోజున ధ్రువపత్రం అందజేశాము. ఆ తల్లి కాగితంపై కుమారుని పేరును వేలితో తడిమి చూసుకొని, “ఇంకొక ప్రతి ఇవ్వండి హజ్రత్, ఇంట్లో దాచుకొంటాను” అన్నది. రెండు ప్రతులుండాలన్న పాఠాన్ని ఆమెకు ఎవరూ నేర్పనవసరం లేకపోయింది. మేమే ఆలస్యంగా నేర్చుకొన్నాము.