చిలప నూలు చేరేదెక్కడికి?

చట్టం ఉంది, రాయితీ ఉంది. మగ్గం గుంటలో కూర్చున్న వానికి మిగిలేది కూలి డబ్బులే

చీరాల: పత్తి ధర పెరిగితే రైతుకు సంతోషం, తగ్గితే నేతగానికి సంతోషం అని పైకి కనిపించే లెక్క. బాపట్ల, గుంటూరు, పల్నాడు జిల్లాల్లో ఈ ఇద్దరూ ఇరుగు పొరుగు ఊళ్లవారే. కాని పత్తి చేను దాటి మగ్గం చేరేలోపు నూలు ఎన్నో చేతులు మారుతుంది. ఆ చేతుల్లో ఎవరికెంత దక్కుతున్నదో తెలిస్తేనే నేత కుటుంబాల ఇబ్బంది అర్థమవుతుంది.

2022 మే నాటికి 356 కిలోల క్యాండీ పత్తి ధర లక్ష రూపాయలు దాటింది. దానితోపాటు నూలు ధరా మండిపోయింది. అప్పుడు కేంద్రం విదేశీ పత్తిపై దిగుమతి సుంకాన్ని కొన్ని నెలలు ఎత్తివేసింది. మళ్లీ 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 వరకు ఆ 11 శాతం సుంకాన్ని రద్దు చేసింది. కొత్త పత్తి మార్కెట్టుకు వచ్చే వేళ ఇదేమిటని రైతులు ఆందోళన చెందారు. మిల్లులు హర్షించాయి. నేత కార్మికునికి మాత్రం కూలి రేటులో దీనివల్ల పైసా తేడా రాదు. నూలు అతనిది కాకపోవడమే అందుకు కారణం.

చిలప లెక్క

840 గజాల దారాన్ని చుట్టిన చుట్టే ఒక చిలప. ఒక పౌనుకు ఎన్ని చిలపలు తూగితే అదే ఆ నూలు నంబరు. 80వ నంబరు అంటే పౌనుకు 80 చిలపలు, అంటే 67,200 గజాలు. అర కిలోకు తక్కువ బరువున్న ఈ నూలును విప్పి పరిస్తే 61 కిలోమీటర్లు, ఇంచుమించు చీరాల నుంచి గుంటూరు దాకా వస్తుంది.

చేనేతకు చిలప నూలే కావాలి. చిలపను రంగు తొట్టిలో ముంచితే రంగు లోపలిదాకా పడుతుంది. ఇంట్లో ఆడవారు, ముసలివారు రాట్నంపై కండెలు చుట్టుకోవచ్చు. గట్టిగా చుట్టిన కోను నూలుకు ఇంటి తొట్టిలో రంగు పట్టదు. అది మరమగ్గాలకు అనువైనది. నూలును చిలపగా చుట్టడం మిల్లుకు అదనపు పని, అదనపు ఖర్చు. అందుకే మిల్లుల ఇష్టానికి వదలకుండా ప్రభుత్వం నిబంధన పెట్టింది.

50 నుంచి 30కి

దేశీయ వాడకానికి అమ్మే నూలులో ఒకప్పుడు 50 శాతం చిలపగా ఇవ్వాలని నిబంధన ఉండేది. 2003లో దీన్ని 40 శాతానికి, 2019 జనవరిలో 30 శాతానికి తగ్గించారు. చిలప నూలులో 80 శాతానికి తక్కువ కాకుండా 80వ నంబరు, ఆ లోపు నంబర్లే ఉండాలి. మూడు నెలలకోసారి మిల్లులు లెక్క చూపాలి. తాము చుట్టలేకపోతే ఆ బాధ్యతను మరొకరికి బదిలీ చేసే వీలు కూడా ఉంది.

ఈ నిబంధన మిల్లు గేటు వరకే పనిచేస్తుంది. గేటు దాటిన చిలప మగ్గానికే చేరాలని కట్టడి చేసే ఏర్పాటు బలహీనంగా ఉంది. 2017లో జి.ఎస్.టి. రాకముందు చిలప నూలుకు ఎక్సైజు సుంకం లేదు. దాంతో చవకగా దొరికిన చిలపలను కోన్లుగా మార్చి మరమగ్గాలకు పంపుతున్నారన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపించింది. చేనేత పేరుతో పుట్టిన నూలే చేనేతకు పోటీ గుడ్డ అయింది.

రాయితీ ఎవరి చేతికి?

కేంద్ర ప్రభుత్వ సంస్థ జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ 1983లో ఏర్పడింది. మిల్లు ధరకే నూలు సరఫరా చేయడం దాని పని. 2021-22 నుంచి 2025-26 వరకు అమలుకు ఆమోదించిన ముడిసరుకు సరఫరా పథకం కింద నూలు చిలపలపై 15 శాతం ధర రాయితీ, రవాణా ఖర్చు కూడా ఇవ్వాలి. ఉదాహరణకు కిలో నూలు 400 రూపాయలనుకుంటే 60 రూపాయలు తగ్గుతాయి. నెలకు పది కిలోలు నేసే ఇంటికి 600 రూపాయలు మిగలాలి.

మిగలాలంటే నూలు నేతగాని పేర కొనాలి. ఇక్కడే చిక్కుంది. సొసైటీలు చురుగ్గా లేని చోట కార్మికుడు షావుకారు వద్ద నూలు తీసుకుంటాడు, బట్ట నేసి ఇస్తాడు, మజూరీ పుచ్చుకుంటాడు. పెళ్లికో, వైద్యానికో తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా షావుకారును మార్చలేడు. నూలు షావుకారుదే గనుక రాయితీ సంగతి కార్మికునికి తెలియదు. నూలు ధర తగ్గితే లాభం పైవానికి. పెరిగితే మాత్రం "ఈ నెల పని లేదు" అన్న మాట కిందివానికి. 1991లో నూలు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు చీరాల ప్రాంత నేత వాడల్లో ఆకలి చావులు సంభవించాయి. ఆ గుణపాఠం మరువరానిది.

అయితే షావుకార్లందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. సరుకు అమ్ముడుపోక పెట్టుబడి ఇరుక్కున్న చిన్న షావుకార్లూ ఉన్నారు. పని ఇచ్చే సొసైటీ ఊళ్లో లేనప్పుడు పొయ్యి వెలిగిస్తున్నది వారే. సొసైటీ బలపడితే తప్ప ఈ ముడి వీడదు.

కొత్త పోటీ

2025 సెప్టెంబరు 22 నుంచి కృత్రిమ నూలుపై జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇప్పుడు పత్తి నూలుకూ, పాలియెస్టరు నూలుకూ పన్ను ఒక్కటే. మరమగ్గాలవారికి ఇది మేలు. కాని చేనేత అంచు, చేనేత బుటా దించి పాలియెస్టరుతో నేసిన చీర మరింత చవకగా అంగడికెక్కే అవకాశం ఏర్పడింది. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టం 11 రకాల బట్టలను చేనేతకే కేటాయించింది. సుప్రీంకోర్టు 1993లో దాన్ని సమర్థించింది. తనిఖీలు జరగనిదే ఆ చట్టం కాగితం మీదే ఉంటుంది.

కొనేవారు మోసపోకుండా చిన్న పరీక్ష ఉంది. చీర కొంగు నుంచి ఒక దారం లాగి అంటించి చూడాలి. పత్తి దారం కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిదవుతుంది. పాలియెస్టరు కరిగి గట్టి గుండుగా ముద్దకడుతుంది. చేనేత మార్కు చీటీ ఉన్నదీ లేనిదీ చూసుకోవడం మరింత మంచిది.

చేయవలసినది

ప్రతి నేత కార్మికుడూ కేంద్రం ఇచ్చే చేనేత గుర్తింపు కార్డు పొందాలి. కార్డు తన దగ్గరే ఉంచుకోవాలి, ఇతరుల చేతికి ఇవ్వరాదు. తన కార్డుపై ఎంత నూలు తీసినట్లు నమోదైందో అడిగి తెలుసుకునే హక్కు అతనికుంది. నూలు డిపోల్లో ఏ నంబరు ఎంత ధరో, రాయితీ పోగా ఎంతో తెలుగులో బోర్డు పెట్టాలి. సొసైటీలు సర్వసభ్య సమావేశంలో నూలు లెక్క చదివి వినిపించాలి. గడువులతో నిమిత్తం లేకుండా రాయితీని కొనసాగించే బాధ్యత ప్రభుత్వానిది.

2019-20 గణన ప్రకారం దేశంలో చేనేతపై ఆధారపడిన కార్మికులు 35 లక్షల పైచిలుకు. వీరికి కావలసింది దానం కాదు. తమ పేర వచ్చిన చిలప తమ రాట్నం మీదికి చేరితే చాలు.