కొల్లేటి నేలకు ఓర్చుకునే గులాబీ

కైకలూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. కడియం నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ చలికాలమంతా విరగబూసి, వానలు పడేసరికి చచ్చిపోతోందట. మూడేళ్ళుగా ఇదే తంతు, ఇక గులాబీ మన నేలకు రాదా అని అడిగారు.

వస్తుందమ్మా! మనది నల్లమట్టి. వాన పడితే నీరు ఓ పట్టాన ఇంకదు. వేళ్ళకు గాలాడక కుళ్ళిపోతాయి. దానికి తోడు చాలా ఇళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పన. అందుకే గులాబీని నేలమట్టానికి పెట్టకండి. మోకాలెత్తు మట్టిదిబ్బ వేసి దానిమీద నాటండి, లేదంటే అడుగున పెంకుముక్కలు వేసిన పెద్ద కుండీలో. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. అంటు కట్టిన చోటుకి కింద నుంచి లేచే కొమ్మల్ని ఎప్పటికప్పుడు తీసెయ్యండి, లేకపోతే సత్తువంతా అవే లాగేస్తాయి.

అసలు సంగతి, ఓర్పున్న మొక్కని మనమే పుట్టించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా చేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఉద్యోగం మధ్యలోనే వదులుకుని, భార్య గిరిజగారితో కలిసి కొడైకెనాల్‌లో వేడిదేశాలకు పనికొచ్చే గులాబీల్ని తయారుచేశారు. ఆయన ఎంచుకున్న వాటిల్లో రోజా క్లైనోఫిల్లా అనే మన దేశపు అడవి గులాబీ ఒకటి. బెంగాల్, బీహార్ వైపు నీటి ఒడ్డున పెరుగుతుంది, తెల్లటి పువ్వు. వరదలో మొదలు మునిగినా బతుకుతుంది. మన కొల్లేటికి చుట్టం లాంటిదే కదూ! వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్ పేరు పెట్టిన పసుపు గులాబీ కూడా ఈ దంపతులదే.

ఆ అడవి మొక్క మనకి సులువుగా దొరకదు. మీ పెరట్లోనే రెండు మూడు వానాకాలాలు గట్టెక్కిన నాటు గులాబీ ఉంటే, పూశాక కాయ నిలిచేదైతే, అదే తల్లి. శీతాకాలంలో, రేపు విచ్చుకుంటుందనుకున్న మొగ్గకి సాయంత్రం రెక్కలు, లోపలి పుప్పొడి తిత్తులు చిన్న కత్తెరతో తీసేసి కాగితపు సంచి కట్టండి. మర్నాడు మధ్యలో ఉన్న కీలాలు జిగురుగా కాగానే, వాసనగల మరో గులాబీ పుప్పొడిని కుంచెతో అద్ది మళ్ళీ సంచి కట్టెయ్యండి. తల్లి, తండ్రి పేర్లు, తేదీ చీటీ మీద రాసి కట్టడం మరవకండి. కుదిరితే మూడు నాలుగు నెలలకి కాయ పండుతుంది. గింజల్ని తడి దూదిలో చుట్టి నెలా నెలన్నర ఫ్రిజ్‌లో ఉంచి (మా ఇంట్లో పచ్చళ్ళ పక్కనే!) విత్తండి. అన్నీ మొలవవు, మొలిచినవన్నీ అందంగా పూయవు. పువ్వు సైజు చూసి మురిసిపోకండి. రోహిణీ ఎండల్లో, శ్రావణం ముసురులో ఆకు నిలిచిన మొక్కకే నేనైతే మార్కులు వేస్తాను.

తాడేపల్లిగూడెం వైపు వాళ్ళకి వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, 2007లో పెట్టారు. తెగుళ్ళ సంగతి అక్కడ అడగొచ్చు.

వచ్చే వారం మల్లెపొద కత్తిరింపు.