కేటీ ఇవ్వకుండా వదిలేసిన ఎలుకలు

మా ఆఫీసులో "కొనుట-అమ్ముట" మెయిల్ గ్రూపు ఒకటుంది. వాడిన సోఫాలు, గ్యాస్ స్టవ్వులు, ఆన్‌సైట్ వెళ్ళేవాళ్ళ బైకులు.. అన్నీ అందులోనే చేతులు మారతాయి. మూడేళ్ళ క్రితం ఒక గురువారం అందులో ఒక మెయిలొచ్చింది. "ఉచితం. రెండు తెల్ల ఎలుకలు, రెండూ మగవే, పంజరంతో సహా. శనివారం లోపు తీసుకెళ్ళాలి."

గ్రూపులో రోజంతా జోకులే జోకులు. వినాయకుడి వాహనానికి ఆర్సీ బుక్కు ఉందా అని ఒకడు, మౌసు వైరుతోనా వైరు లేకుండానా అని ఇంకొకడు. నేనూ ఒకటి వేశాను, అబద్ధం ఎందుకు. శుక్రవారం సాయంత్రానికి జోకులైపోయాయి గానీ ఎలుకలు అక్కడే ఉన్నాయి. ఎవరూ తీసుకోకపోతే ఏం చేస్తావని అడిగితే, "పార్కులో వదిలేస్తా బాస్, బతుకుతాయిలే" అన్నాడు ఆ అబ్బాయి. సోమవారం వాడి ఫ్లైటు. రెండు వారాలు నా దగ్గర పెట్టుకుని ఎవరికో ఒకరికి అంటగడదామనుకుని తెచ్చుకున్నాను. మా ఆవిడ గుమ్మం దగ్గరే ఆపి, "ఇవి బాల్కనీ దాటి లోపలికి రావు కదా?" అంది. రావన్నాను. (వచ్చాయి.)

వాటికి పింగ్, పాంగ్ అని పేర్లు పెట్టాం. పదహారో రోజు పొద్దున్నే చూస్తే పంజరం మూలన గులాబి రంగు వేలిముక్కల్లాంటివి తొమ్మిది! మగ ఎలుక అని రాసి అమ్మిన పింగ్ తొమ్మిదిమంది తల్లి. షాపువాడు చెప్పింది వాడు నమ్మాడు, వాడు రాసింది నేను నమ్మాను. టెస్టింగ్ చేయకుండా ప్రొడక్షన్‌లోకి పంపితే ఏమవుతుందో వృత్తిరీత్యా నాకు తెలియాలి కదా :)

ఆ రాత్రి కూర్చుని చదివితే గుండె జారింది. ఎలుకకి కాన్పు 21 నుంచి 23 రోజులు. ఈనిన ఒకటి రెండు రోజుల్లోనే ఆడది మళ్ళీ కడుపుతో అవగలదు. పిల్లలు అయిదు వారాలకే పెద్దవైపోతాయి, అన్నాచెల్లెళ్ళని కూడా చూడవు. అంటే పాంగ్‌ని వెంటనే వేరు చేయాలి, అయిదో వారం లోపు మగపిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసేయాలి. లేకపోతే నా బాల్కనీ ఒక రికర్సివ్ ఫంక్షన్, ఆపే కండిషన్ లేనిది. మర్నాడే రెండో పంజరం కొన్నాను.

తొమ్మిదింటిలో అయిదు మగవి, నాలుగు ఆడవి. ఇళ్ళు వెతకడం మొదలుపెట్టాను. అక్కడే అసలు చదువు మొదలైంది.

మొదటి ఫోను చేసినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఎన్నుంటే అన్నీ ఇచ్చేయండి సార్. సైజెంత వచ్చాయి?" అన్నాడు. పెంచుకునేవాడు సైజు ఎందుకు అడుగుతాడు? నేను నసుగుతుంటే ఆయనే చెప్పాడు, ఇంట్లో విదేశీ కొండచిలువ ఉందట. ఉచితంగా ఇస్తానంటే మొదట వచ్చేది వీళ్ళేనని అప్పుడర్థమైంది. తర్వాత నుంచి కొంచెం డబ్బు అడగడం మొదలుపెట్టాను. ఆ డబ్బు నాకేం అక్కర్లేదు. అడిగితే సగంమంది వాళ్ళంతట వాళ్ళే మానుకుంటారు, అంతే.

రెండో ఆయన పాప పుట్టినరోజుకి ఒక్కటి కావాలన్నాడు. ఎలుక ఒంటరిగా బతికే ప్రాణి కాదు, రెండిస్తాను, ఒకటివ్వను అన్నాను. ఫోను పెట్టేశాడు. మియాపూర్‌లో ఒక జంట రెండు ఆడపిల్లల్ని తీసుకున్నారు. మా టెస్టింగ్ టీములో ఒకబ్బాయి రెండు మగపిల్లల్ని. ఇంకో రెండు కూకట్‌పల్లి వెళ్ళి ఎనిమిదో రోజు వెనక్కొచ్చాయి, కంపు కొడుతున్నాయని. గాజు అక్వేరియంలో పెట్టారట! గాలాడని చోట మూత్రం వాసన పేరుకుంటే మనకి ముక్కు మూసుకుంటే సరిపోతుంది, వాటికి ఊపిరితిత్తులే పోతాయి. ఈ జాతికి శ్వాస జబ్బులు అసలే ఎక్కువ. తుమ్ముతూ వచ్చిన ఆ రెండూ నెలన్నర నా బెంచ్ మీదే ఉండి, బాగయ్యాక హన్మకొండలో ఒక టీచరుగారింటికి వెళ్ళాయి. తల్లి, ఇద్దరు కూతుళ్ళు, తండ్రి, ఒక కొడుకు.. ఈ అయిదూ నాకే మిగిలాయి.

ఇహ సంక్రాంతి వచ్చింది. మాది ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం. నాలుగు రోజులు ఎవరి దగ్గర పెట్టాలో తెలియక రెండు పంజరాలూ కారు వెనక సీట్లో పెట్టుకుని సూర్యాపేట మీదుగా బయల్దేరాం. పాలేరు దాటిన దగ్గర్నుంచి నా గుండె దడదడ. ఎందుకంటే మా నాన్న రైతు. ఆయన జీవితంలో సగం యుద్ధం ఎలుకల మీదే. వరి పొట్టకొచ్చే వేళకి పందికొక్కులు గట్లకి బొక్కలు పెట్టి కంకులు లోపలికి లాక్కుపోతాయి. ఇంట్లో బస్తాలకి చిల్లులు. నా చిన్నప్పుడు ఎలుకలు పట్టేవాళ్ళు కుండలో గడ్డి రాజేసి బొరియలోకి పొగ ఊదుతుంటే వెనకాల తిరిగేవాణ్ణి. ఆ బొరియలు తవ్వి ధాన్యం తీసుకునే ఆకలి కూడా ఊళ్ళో ఉండేది.

నాన్న పంజరాల చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏందిరా ఇది? ఎలుకలకి రూములు కట్టించి తెచ్చినవా? మనింట్లో అద్దె లేకుండానే ఉంటున్నయ్ గదా" అన్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కింటి పెద్దాయన వచ్చి పుణ్యం సలహా ఇచ్చాడు. "పాపం వాటినెందుకు బందీ చేసినవ్ బాబూ, తీస్కపోయి చెర్వు గట్టున వదిలెయ్, స్వేచ్ఛగా బతుకుతయ్." ఆఫీసులో కుర్రాడన్న మాటే, భాష మారిందంతే.

నేను సమాధానం చెప్పేలోపు నాన్నే అందుకున్నాడు. "ఏం బతుకుతయ్? తెల్లగా పిండిబొమ్మల్లెక్క ఉన్నయ్. పొద్దుగూకేలోపు గద్ద తన్నుకుపోతది." ఆ రాత్రి పంజరాలు ధాన్యం గదిలో పెట్టబోతుంటే వచ్చి ఆపాడు. "ఆడ మందు పెట్టిన. ముందటర్రలో పెట్టు." కాసేపాగి, "పొలంల ఎలుక నా తిండి తింటది, దాంతో నాకు తగాదా. వీటికి నువ్వు పెడితేనే తిండి. వీటికీ నాకూ ఏం తగాదా?" అన్నాడు.

నేను ఎన్నో వెబ్‌సైట్లు తిరగేసి సాధించలేని స్పష్టత అది. ఎలుకని పెంచుకుంటున్నానంటే అందరూ అడిగేది ఒకటే: మరి పొలంలో మందెందుకు పెడతారు, రెండూ ఎలుకలే కదా? నా అభిప్రాయం ఏంటంటే, బాధ్యత జంతువు జాతిని బట్టి రాదు, మనం చేసిన పనిని బట్టి వస్తుంది. పందికొక్కుని నేను పిలవలేదు. పింగ్‌ని మనిషి పుట్టించాడు, మనిషి అమ్మాడు, మనిషి కొన్నాడు. జాతులు కూడా వేరే. ఇంటి వాసాల మీద తిరిగేది నల్ల ఎలుక, పొలంలోది పందికొక్కు. ఈ తెల్లవేమో గోధుమ ఎలుక నుంచి వందేళ్ళకి పైగా మనిషి చేతిలో తయారైన సంతతి. ప్రయోగశాలల్లో పేరుపడ్డ విస్టార్ ఎలుకలు 1906 నాటి నుంచీ ఉన్నాయి. బొరియ తవ్వి, కుక్కనీ పిల్లినీ తప్పించుకుని బతకడం వీటికెవరు నేర్పారు? వీటిని "స్వేచ్ఛగా" వదలడమంటే, చంపే పని గద్దకి అవుట్‌సోర్స్ చేయడమే.

పైగా మనం వీటికి బాకీ ఉన్నాం. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ తెలుసు కదా. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టిన ప్రయోగశాల అది, 1958లో హైదరాబాదుకి మారింది. ఆయన మన దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్ళు తినే తిండిని ఎలుకలకి పెట్టి చూశాడు. రొట్టెలు, పాలు, పప్పు, కూరగాయలు తిన్నవి బలంగా పెరిగాయి, ఎక్కువగా పాలిష్ బియ్యం మీద బతికినవి చిక్కిపోయాయి. తిండి గురించి మనకి తెలిసిన కొన్ని సంగతుల వెనక ఆ ఎలుకలున్నాయి. జంతు ప్రయోగాలకి తగ్గించు, మెరుగుపరచు, ప్రత్యామ్నాయం చూడు అని 1959లో ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రవేత్తలు మూడు సూత్రాలు చెప్తే, మన దేశం నాలుగోది కలిపింది: పునరావాసం. ప్రయోగం అయ్యాక ఆ ప్రాణి సంగతి చూడాల్సింది కూడా నువ్వేనని. ల్యాబుకి చెప్పిన న్యాయం లివింగ్ రూముకి వర్తించదా?

వాటికేం తెలుస్తుందిలే అంటారా. 2011లో షికాగోలో చేసిన ప్రయోగంలో, గొట్టంలో ఇరుక్కున్న తోటి ఎలుకని ఇంకో ఎలుక తలుపు తీసి విడిపించింది. పక్కనే చాక్లెట్ ఉన్నా, విడిపించి దానికీ మిగిల్చింది. చక్కిలిగిలి పెడితే మన చెవికి అందని 50 కిలోహెర్ట్జ్ దగ్గర అవి చేసే చప్పుడు నవ్వులాంటిదే అంటారు శాస్త్రవేత్తలు. నాకు వినపడలేదు గానీ, చెయ్యి తీసేస్తే వెంటబడి వచ్చేవి.

అందంగా చెప్తున్నాను గానీ ఇది పూలపాన్పు కాదు. ఎలుక బతికేది రెండు మూడేళ్ళు. ఆడవాటికి రొమ్ములో గడ్డలు ఎక్కువ. పింగ్‌కీ వచ్చింది. మొదట వెళ్ళిన క్లినిక్కులో కుక్కలు, పిల్లులు తప్ప చూడమన్నారు. మూడో చోట చూశారు గానీ అప్పటికే ఆలస్యమైంది. చేతుల్లోనే పోయింది. ఇరవై రూపాయల ఎలుకకి అంత ఏడుపేంటని మా మేనేజరు అన్నాడు. వెల కట్టి ఏడిచేవాణ్ణి కాదు కాబట్టి ఊరుకున్నాను.

కాబట్టి తోటి ఐటీ సోదరులకి నా విన్నపం. మన బతుకులో ఏదీ మూడేళ్ళు నిలవదు. ప్రాజెక్టు, ఊరు, అద్దిల్లు, ఒక్కోసారి ఉద్యోగం కూడా. అలాంటి మనం ప్రాణమున్నదాన్ని తెచ్చుకునే ముందు మూడేళ్ళ ప్లాను వేసుకోలేమా? కొనొద్దు, ఎవరో వదిలేసినవి దొరికితే తీసుకోండి. తీసుకుంటే ఒకే లింగానివి రెండు తీసుకోండి, మగా ఆడా మీరే చూసుకోండి. గాజు డబ్బా వద్దు, చుట్టూ గాలాడే పంజరం కావాలి. మన కొత్తగూడెం, ఖమ్మం ఎండల్లో తడిగుడ్డ, చల్లటి మట్టికుండ లేకపోతే ఒక్క మధ్యాహ్నంలో పోతాయి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, ఎలుకల నుంచి మనకి జ్వరాలు రావడం నిజమే, చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త. జంతువుల షాపులకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2018లో కేంద్రం నియమాలు తెచ్చింది, షాపుకెళ్తే అది ఉందా అని అడగండి.

వదులుకోక తప్పకపోతే? శనివారం డెడ్‌లైనుతో గురువారం మెయిలు పెట్టకండి. రెండు నెలల ముందు మొదలుపెట్టండి. ఏం తింటాయి, ఏ జబ్బు చేసింది, దేనికి భయపడతాయి అన్నీ రాసివ్వండి. ఒక పిచ్చి స్క్రిప్టుకి మూడు వారాల కేటీ ఇస్తాం, ప్రాణానికి ఒక కాగితం రాయలేమా? తీసుకున్నవాళ్ళకి కుదరకపోతే వెనక్కి తీసుకుంటానని మాటివ్వండి. ఆ మాట లేకపోతే కూకట్‌పల్లి ఎలుకలు నా దగ్గరికి వచ్చేవి కావు, ఏ కాలవ గట్టునో ఉండేవి.

మనుషులకే దిక్కులేదు, ఎలుకలకా అని తప్పకుండా అంటారు. దేశంలో ఉన్న ఎలుకలన్నిటినీ ఉద్ధరించమనడం లేదు. తెచ్చుకున్న రెండింటిని చూసుకోమంటున్నానంతే.

అయిదింటిలో ఇప్పుడు ఒక్కటే మిగిలింది, పింగ్ కూతురు. ముసలిదైంది, వెనక కాళ్ళు ఈడుస్తోంది. ఒంటరిగా ఉండకూడదని నేను అందరికీ చెప్పే మాటే కాబట్టి, ఈ వయసులో తోడెక్కడ తేవాలో తెలియక సాయంత్రాలు భుజం మీదే కూర్చోబెట్టుకుని కోడ్ రాసుకుంటున్నాను. నాన్న ఆదివారం ఫోను చేసినప్పుడు వానలు, మిర్చి రేటు, మందు ఖర్చు అన్నీ అయ్యాక చివర్లో అడుగుతాడు, "అది తింటున్నదా?" అని.

తింటోంది నాన్నా, కొంచెం కొంచెం.