వార్తకు దారి మూయరాదు

తనకు నచ్చని వార్తను ఆపదలచిన ప్రభుత్వం పూర్వం బహిరంగంగా నిషేధపు ఉత్తర్వు జారీ చేసేది. నేడు అంత శ్రమ అవసరం లేదు. పన్నుల శాఖ సర్వే, విదేశీ మారకద్రవ్య కేసు, వీసా పొడిగింపులో జాప్యం, లైసెన్సు ఫైలుపై మౌనం, యివన్నీ కలసి ఆ ఉత్తర్వు చేసే పనినే చేస్తున్నవి. నిషేధించినామని ఏ మంత్రీ చెప్పనవసరం లేదు. తన నోరు నొక్కినారని ఏ విలేఖరీ నిరూపించలేడు. రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనం యిది మన వేతనాలకు, పెన్షనుకు సంబంధించని విషయమని పక్కకు నెట్టరాదు.

2023 జనవరిలో బి.బి.సి. సంస్థ 2002 నాటి గుజరాత్ హింసాకాండపైన, ఆనాటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ పాత్రపైన రెండు భాగాల డాక్యుమెంటరీని బ్రిటన్‌లో ప్రసారం చేసినది. 2021 నాటి ఐ.టి. నిబంధనలలోని అత్యవసర అధికారాలను ఉపయోగించి కేంద్ర ప్రభుత్వం యూట్యూబ్, ట్విట్టర్‌లలో దాని లింకులను తొలగింపజేసినది. ఫిబ్రవరి 14న ఆదాయపు పన్ను అధికారులు ఢిల్లీ, ముంబయి కార్యాలయాలలో ప్రవేశించి మూడు రోజులపాటు సర్వే జరిపినారు. చూపిన ఆదాయం కార్యకలాపాల స్థాయికి తగినట్లుగా లేదని శాఖ ప్రకటించినది. అధికారులకు సహకరిస్తున్నామని సంస్థ అన్నది. ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విదేశీ మారకద్రవ్య చట్టం క్రింద కేసు నమోదు చేసినది. డిజిటల్ వార్తా రంగంలో విదేశీ పెట్టుబడి 26 శాతం మించరాదన్న నిబంధనను ఉల్లంఘించినారని 2025 ఫిబ్రవరిలో 3.44 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ఈ లోపుననే, 2024 ఏప్రిల్‌లో, ఆ సంస్థ భారతీయ భాషా విభాగాల పని ఒక ప్రత్యేక భారతీయ కంపెనీ చేతికి మారినది. 2017 అక్టోబరులో ప్రారంభమైన తెలుగు విభాగం కూడ వాటిలో ఒకటి.

పన్ను బాకీ పడినవారు స్వదేశీయులైనా, విదేశీయులైనా చెల్లించవలసినదే. నెలజీతం చేతికి రాకముందే పన్ను కోత పడే మనకు యీ విషయంలో మరియొకరు పాఠం చెప్పనక్కరలేదు. కాని జనవరిలో సినిమా, ఫిబ్రవరిలో సర్వే అయినపుడు, ఆ తనిఖీ లెక్కల కోసమా, హెచ్చరిక కోసమా అన్న సందేహం కలుగక మానదు. ప్రభుత్వ సంస్థలను పత్రికలపై ఒత్తిడి సాధనాలుగా వాడే ధోరణిపై ఎడిటర్స్ గిల్డ్ ఆనాడే ఆందోళన వెలిబుచ్చినది.

ఇది ఒక్క పార్టీ దురలవాటు అనుకొనుట పొరపాటు. లూయీ మాల్ అనే ఫ్రెంచి దర్శకుడు భారతదేశంపై తీసిన చిత్రాలను ప్రసారం చేసినందుకు 1970లో యిందిరా గాంధీ ప్రభుత్వం బి.బి.సి. ఢిల్లీ కార్యాలయాన్ని మూసివేయించినది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ విధించినపుడు ఢిల్లీలో పత్రికల ముద్రణాలయాలకు విద్యుత్తు నిలిపివేసినారు. సెన్సారు నిబంధనలకు లోబడని విదేశీ విలేఖరులు దేశం విడిచి వెళ్ళవలసి వచ్చినది. మార్క్ టలీ వారిలో ఒకరు. 2015లో పటాలలో కాశ్మీర్‌ను తప్పుగా చూపినారని అల్ జజీరా ప్రసారాలను అయిదు రోజులు నిలిపివేసినారు. పొరుగున శ్రీలంకలో తమిళ కార్యక్రమాలకు పదేపదే అంతరాయం కలిగించినందున 2009లోను, 2013లోను బి.బి.సి. అక్కడి ప్రభుత్వ రేడియో ద్వారా చేసే ప్రసారాలను తానే ఆపుకొన్నది. జెండాల రంగులు వేరు, అధికారపు అసహనం ఒక్కటే.

విదేశీ ప్రసార సంస్థలపై మనకు భ్రమలు లేవు. 1926 మే నెలలో బ్రిటిష్ కార్మికులు సార్వత్రిక సమ్మె చేసినపుడు ఆనాటి బి.బి.సి. కార్మిక పక్ష నాయకుడు రామ్సే మాక్‌డొనాల్డ్‌కు మైకు యివ్వలేదు. ప్రధాని బాల్డ్విన్ మాత్రం మాట్లాడినారు. కాబట్టి మనం సమర్థించేది ఒక లండను సంస్థను కాదు; ప్రభుత్వం చెప్పినదానిని మరియొక నోటితో సరిచూసుకొనే పౌరుని హక్కును.

ఆ హక్కు విలువ రైల్వే కార్మికునికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మె కాలంలో దేశంలో రేడియో అంటే ఆకాశవాణి ఒక్కటే. అది ప్రభుత్వ శాఖ. సమ్మెను చట్టవిరుద్ధమని ప్రకటించినవారు, వేలాది కార్మికులను జైళ్ళకు పంపినవారు, ఆ వార్తను దేశానికి చదివి వినిపించినవారు, ముగ్గురూ ఒక్కరే. నేటికీ ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు స్వంత వార్తలు చదివే అనుమతి లేదు.

తపాలా సోదరులకు యిందులో మరింత దగ్గర సంబంధమున్నది. 1950లో మద్రాసు ప్రభుత్వం "క్రాస్ రోడ్స్" పత్రిక రాష్ట్రంలోనికి రాకుండా నిషేధించినది. ఆనాడు ఆంధ్ర జిల్లాలు కూడ ఆ రాష్ట్రంలోనివే. రమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేస్తూ, పంపిణీ స్వేచ్ఛ లేనిదే ప్రచురణ స్వేచ్ఛకు విలువ లేదని స్పష్టపరచినది. అనగా పత్రికా స్వాతంత్ర్యం సంపాదకుని బల్లపై పూర్తికాదు. రైలు పెట్టెలో, తపాలా సంచిలో ప్రయాణించి పాఠకుని గుమ్మం చేరినపుడే పూర్తవుతుంది. తపాలాను తెరిచే అధికారాలను విస్తరించిన 1986 నాటి బిల్లుకు రాష్ట్రపతి జైల్ సింగ్ ఆమోదముద్ర వేయలేదు. కాని 2023 నాటి పోస్టాఫీసు చట్టం 9వ సెక్షను ప్రకారం, దేశ భద్రత, శాంతిభద్రతలు, "అత్యవసర పరిస్థితి" వంటి కారణాలపై ఉత్తరాలను ఆపి, తెరిచి చూసే అధికారాన్ని ఏ అధికారికైనా యివ్వవచ్చును. ఏది అత్యవసరమో చట్టం నిర్వచించలేదు.

బలమైన విదేశీ సంస్థ తట్టుకొనగలదు. దానికి న్యాయవాదులున్నారు, నిధులున్నవి. జిల్లా కేంద్రంలోని తెలుగు విలేఖరికి ఏమున్నది? న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థను 2023 అక్టోబరులో యు.ఎ.పి.ఎ. క్రింద నిర్బంధించినారు. కారణాలను వ్రాతపూర్వకంగా తెలుపలేదు గనుక ఆ నిర్బంధం చెల్లదని 2024 మే 15న సుప్రీంకోర్టు ప్రకటించేసరికి ఏడు నెలలు గడచినవి. వర్కింగ్ జర్నలిస్టులకు రక్షణగా 1955లో వచ్చిన చట్టాన్ని 2020 నాటి లేబర్ కోడు తనలో కలుపుకొన్నది. ఉద్యోగ భద్రత లేని కలం నిర్భయంగా వ్రాయలేదు. ఇది కార్మిక సమస్య కాక మరేమిటి?

భద్రత పేరు చెప్పి హక్కులను తోసిరాజనరాదని మీడియా వన్ కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దాని వెలుగులో మన కోరికలు స్పష్టమైనవి. వార్తను నిలిపే ప్రతి ఉత్తర్వునూ కారణాలతో సహా బహిరంగపరచాలి. విలేఖరుల ఫోన్లను, కంప్యూటర్లను న్యాయస్థానం అనుమతి లేనిదే స్వాధీనం చేసుకొనరాదు. తపాలాను తెరిచే అధికారానికి స్వతంత్ర పర్యవేక్షణ వుండాలి. జర్నలిస్టుల ఉద్యోగ భద్రతను పునరుద్ధరించాలి.

ప్రతి శాఖ తన సర్వసభ్య సమావేశంలో యీ కోరికలపై తీర్మానం చేసి తమ పార్లమెంటు సభ్యునికి పంపవలసినదిగా కోరుతున్నాము. నేడు ఒక పరాయి సంస్థకు వచ్చిన నోటీసు మనది కాదని వూరకుంటే, రేపు మన సమ్మె నోటీసు ఏ పత్రికలోను కనిపించదు.